గెలాక్సీల గుంపును కంప్యూటర్‌లో నడపాలంటే ఏ పద్ధతి పట్టుకోవాలి?

జనవరి వచ్చిందంటే నా ఫోన్‌కు ఒకే రకం మెసేజ్‌లు మొదలవుతాయి. అన్నీ ఎంఎస్సీ నాలుగో సెమిస్టర్ వాళ్లవి. ప్రాజెక్టు టైటిల్ అప్పటికే ఇచ్చేసి ఉంటారు. అందులో "గెలాక్సీ గ్రూపుల పరిణామం" అని ఉంటుంది, "సిమ్యులేషన్" అని ఉంటుంది, ఈ రెండింటి మధ్య ఏం చేయాలో మాత్రం ఉండదు. మొన్న తార్నాకలో ఇరానీ చాయ్ ముందు పెట్టుకుని ఒక తమ్ముడు గెలాక్సీలను నడిపే రెండు ప్రోగ్రాముల పేర్లు చెప్పి అడిగాడు: "అన్నా, గ్యాడ్జెట్ ఎక్కించుకోవాల్నా, అరెపో ఎక్కించుకోవాల్నా? నా ల్యాప్‌టాప్‌ల ఏది నడుస్తది?"

"ముందు నీకు గుంపులో ఏం చూడాలనుందో చెప్పు" అన్నాను. గెలాక్సీలు ఒకదాన్నొకటి మింగడం చూడాలా, మధ్యలో ఉన్న వేడి గ్యాస్ ఏమవుతుందో చూడాలా, ఇలాంటి గుంపులు విశ్వంలో ఎన్ని ఉంటాయో లెక్కపెట్టాలా?

"అన్నీ" అన్నాడు.

ఆ మూడింటికీ మూడు వేరు వేరు పద్ధతులు కావాలి. నాలుగు నెలల్లో ఒకటి సరిగ్గా అయితే గొప్ప. చాయ్ చల్లారేదాకా అతనికి చెప్పిందాన్నే కాస్త సాపు చేసి ఇక్కడ రాస్తున్నాను. నేను పగలు మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ, రాత్రిళ్లు ఈ పిచ్చిలో పడే మనిషిని. కాబట్టి నా సలహా సూపర్ కంప్యూటర్ చేతిలో ఉన్నవాళ్ల కంటే లేనివాళ్ల వైపే కొంచెం మొగ్గుతుంది.

గుంపు అంటే చిన్న క్లస్టర్ కాదు

తప్పు ఇక్కడే మొదలవుతుంది. మన పాలపుంత, ఆండ్రోమెడా, ఎం33, వాటి చుట్టూ ఉన్న చిన్నాచితకా గెలాక్సీలు కలిసి ఒక గుంపు. ఇంతకంటే బాగా బలిసిన గుంపులు డార్క్ మ్యాటర్‌తో (కంటికి కనిపించక, గురుత్వంతో మాత్రమే తెలిసే పదార్థంతో) కలిపి పది లక్షల కోట్ల సూర్యుళ్ల బరువు తూగుతాయి. కోటి కోట్ల సూర్యుళ్లు దాటితే క్లస్టర్ అంటాం. అయితే బరువు కంటే వేగమే అసలు తేడా. పెద్ద క్లస్టర్‌లో గెలాక్సీలు సెకనుకు వెయ్యి కి.మీ. వేగంతో ఒకదాని పక్కనుంచి ఒకటి దూసుకుపోతాయి. ఔటర్ రింగ్ రోడ్డు మీద కార్లలాగా, పలకరించుకునే తీరిక ఉండదు. గుంపులో ఆ వేగం రెండు మూడు వందల కి.మీ. మాత్రమే. గెలాక్సీ లోపల నక్షత్రాలు తిరిగే వేగమూ దాదాపు అంతే. రెండు వేగాలూ దగ్గర దగ్గరగా ఉన్నప్పుడు గురుత్వానికి పట్టు దొరుకుతుంది. సాగదీస్తుంది, తోకలు లాగుతుంది, చివరికి కలిపేస్తుంది.

రెండో తేడా గ్యాస్. గుంపు గురుత్వం బలహీనం. మధ్యలో ఉన్న గెలాక్సీ బ్లాక్ హోల్ గట్టిగా ఊదితే (అంటే చుట్టూ శక్తిని వెదజల్లి గ్యాస్‌ను బయటికి నెడితే) క్లస్టర్ తన గ్యాస్‌ను పట్టి ఉంచుకోగలదు, గుంపు ఉంచుకోలేదు. అంటే బ్లాక్ హోల్ ఊదడాన్ని కోడ్‌లో ఎలా రాశారన్నదాన్ని బట్టి గుంపు జాతకమే మారిపోతుంది. కింద ఏ పద్ధతి గురించి చదువుతున్నా ఈ రెండు తేడాలూ మనసులో ఉంచుకోండి.

కంప్యూటర్ ఆన్ చేయకముందు

ఈ పనితో హైదరాబాద్‌కు పాత చుట్టరికం ఉంది. ఉస్మానియాలో ఖగోళ శాస్త్రం చెప్పిన సాలే మహమ్మద్ అలాదిన్ 1965లోనే ఢీకొనే గెలాక్సీల మీద పేపర్ వేశారు. 1982లో నరసింహన్‌తో కలిసి గెలాక్సీల పరస్పర గురుత్వ ప్రభావాల మీద పెద్ద సమీక్షా వ్యాసం రాశారు. వాళ్లు ఎక్కువగా వాడిన ఉపాయం ఇది: రెండు గెలాక్సీలు చాలా వేగంగా దాటిపోతే, ఆ కాసేపూ లోపలి నక్షత్రాలు ఉన్నచోటే ఉన్నాయనుకోవచ్చు. ఒక్కొక్క నక్షత్రానికి ఎంత కుదుపు తగిలిందో లెక్కేసుకుంటే చాలు, పని కాగితం మీదే అయిపోతుంది. క్లస్టర్లలో గెలాక్సీలు దూకుడుగా దాటిపోయే సందర్భాలకు ఇది ఇప్పటికీ చక్కగా పనికొస్తుంది. గుంపుల్లోనే దీనికి చిక్కు. పక్క గెలాక్సీ నిదానంగా దాటుతున్నప్పుడు లోపలి నక్షత్రాలు ఆగి చూస్తూ నిలబడవు కదా.

గుంపుకు పనికొచ్చే కాగితం లెక్క ఇంకొకటుంది. చంద్రశేఖర్ 1943లో చెప్పిన గురుత్వ ఘర్షణ. బరువైన గెలాక్సీ డార్క్ మ్యాటర్ మధ్యలోంచి పోతుంటే, దాని వెనకాల పదార్థం పోగవుతుంది. ఆ పోగు దాన్ని వెనక్కి లాగుతుంది. గెలాక్సీ నెమ్మదించి మధ్యకు జారుతుంది. ఎంత కాలం పడుతుందన్నది దూరం వర్గాన్ని బట్టి, వేగాన్ని బట్టి పెరుగుతుంది; గెలాక్సీ బరువును బట్టి తగ్గుతుంది. పదివేల కోట్ల సూర్యుళ్ల బరువున్న గెలాక్సీ, గుంపు మధ్య నుంచి మూడు లక్షల కాంతి సంవత్సరాల పైచిలుకు దూరంలో తిరుగుతోందనుకోండి. నేను వేసుకునే రఫ్ లెక్కలో 250 కోట్ల సంవత్సరాలు వస్తుంది. విశ్వం వయసు 1,380 కోట్లు. అంటే అది కలిసిపోవడానికి కావలసినంత టైం ఉంది. అదే గెలాక్సీని క్లస్టర్‌లో పదింతల దూరంలో, అయిదింతల వేగంతో పెడితే ఆ కాలం 500 రెట్లు పెరుగుతుంది. అంటే లక్ష కోట్ల సంవత్సరాల పైమాటే.

ఈ అరగంట లెక్క వేయకుండా కోడ్ మొదలుపెట్టేవాళ్లను చూస్తే నాకు టెన్షన్. సిమ్యులేషన్‌ను ఎన్ని కోట్ల సంవత్సరాలు నడపాలో తెలియకుండా నడుపుతారు. కలవాల్సినవి ఇంకా సగం దారిలో ఉండగానే ఆపేసి "కలవలేదు" అని రిపోర్టులో రాస్తారు.

కణాలతో మాత్రమే నడిపే పద్ధతులు

మొదట దీన్ని చేసిన మనిషికి కంప్యూటరే లేదు. 1941లో స్వీడన్‌లో ఎరిక్ హోమ్‌బెర్గ్ ఒక్కో గెలాక్సీకి 37 చొప్పున మొత్తం 74 బల్బులు బల్ల మీద పేర్చాడు. వెలుతురు కూడా గురుత్వంలాగే దూరం వర్గంతో తగ్గుతుంది కాబట్టి, ఒక్కో బల్బు ఉన్న చోట ఫొటోసెల్‌తో వెలుగు కొలిచి, అదే గురుత్వ బలమనుకుని బల్బుల్ని చేత్తో జరిపాడు. మనం ఈ రోజు చేసేదీ అదే, బల్బులు లేవంతే.

తర్వాత చెప్పుకోవాల్సింది 1972లో టూమ్రే సోదరులు చేసిన పని. రెండు గెలాక్సీల బరువంతా రెండు చుక్కల్లో పెట్టి, చుట్టూ బరువు లేని కణాలను తిప్పారు. ఢీకొన్న గెలాక్సీలకు ఆ పొడుగాటి తోకలు ఎందుకొస్తాయో దాంతోనే తేలింది. ఇది పైథాన్‌లో వంద లైన్లు దాటదు, ఏ ల్యాప్‌టాప్ మీదైనా నిమిషాల్లో అవుతుంది. మీ ప్రశ్న "ఈ ఫొటోలో తోక ఇటువైపే ఎందుకు తిరిగింది" అన్నదైతే ఇంతకు మించి వద్దు. కానీ ఇందులో గురుత్వ ఘర్షణ ఉండదు. రెండు చుక్కలూ యుగాల తరబడి తిరుగుతూనే ఉంటాయి తప్ప కలవవు. "ఎప్పుడు కలుస్తాయి" అన్న ప్రశ్నకు ఇది అసలే పనికిరాదు.

అన్ని కణాలకూ బరువు పెట్టి, ప్రతి కణం ప్రతి కణాన్నీ లాగేలా నేరుగా లెక్కేయడం ఇంకో దారి. పదివేల కణాలకు దాదాపు 5 కోట్ల జంటలు. లక్ష కణాలకు 500 కోట్లు. కణాలు పదింతలైతే పని వందింతలు. సికింద్రాబాద్ సీటీసీకి పోయి మంచి గ్రాఫిక్స్ కార్డు తెచ్చుకుని ఇది నడిపించేద్దామని చాలామందికి ఆశ. నాకూ ఉండేది. అయితే ఈ ఖచ్చితత్వం నక్షత్ర గుచ్ఛాలకు కావాలి, గెలాక్సీలకు కాదు. నిజం గెలాక్సీలో పదివేల కోట్ల నక్షత్రాలుంటే మన దగ్గర లక్ష కణాలున్నాయి. ఒక్కో కణం లక్షల నక్షత్రాల మూట. రెండు మూటలు దగ్గరికొచ్చి ఒకదాన్నొకటి విసిరేసుకుంటే ఆ దృశ్యాన్ని ఎంత ఖచ్చితంగా లెక్కేసినా అది అబద్ధమే. నిజంలో నక్షత్రాలు అలా తారసపడవు. అందుకే కణాల మధ్య బలాన్ని దగ్గర దూరాల్లో కావాలనే మెత్తబరుస్తారు. ఎలాగూ మెత్తబరిచేదానికి అంత ఖచ్చితమైన లెక్క ఎందుకు?

గుంపులకు నా ఓటు ట్రీ కోడ్‌కే. 1986లో బార్న్స్, హట్ ఇద్దరూ చెప్పిన ఉపాయం ఇది. తార్నాకలో నిలబడి చూస్తే మన గల్లీలో ప్రతి ఇల్లూ విడిగా కనిపిస్తుంది. ఉప్పల్ అంటే కొన్ని కాలనీలు గుర్తొస్తాయి. వరంగల్ అంటే ఒక్క ఊరు, ఒక్క చుక్క. దూరంగా ఉన్న కణాల పోగును కూడా అలాగే ఒక్క బరువుగా తీసుకుంటే పని అమాంతం తగ్గుతుంది. పోగుల్లో పోగులుగా కట్టుకున్న ఈ వరసనే చెట్టు (ట్రీ) అంటారు. పది లక్షల కణాలు మామూలు డెస్క్‌టాప్ మీద నడుస్తాయి. వాటి స్థానాలకూ వేగాలకూ పట్టే మెమరీ 50 ఎంబీ కూడా కాదు. చెట్టుకూ మిగతా లెక్కలకూ ఇంకో నాలుగైదు రెట్లు వేసుకున్నా ఎనిమిది జీబీ ల్యాప్‌టాప్‌కు అది లెక్కలోది కాదు. వోల్కర్ స్ప్రింగెల్ రాసిన ట్రీ కోడ్ గ్యాడ్జెట్ ఉచితంగా దొరుకుతుంది. 2005 నాటి గ్యాడ్జెట్-2 చిన్నది, సులువుగా కంపైల్ అవుతుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు నేరుగా గ్యాడ్జెట్-4కు పోవచ్చు.

దగ్గరకు చెట్టు, దూరానికి జాగాను గడులుగా కోసి రెండూ కలిపే ట్రీపీఎం పద్ధతి కూడా ఉంది. దాన్ని తీర్చిదిద్దినవాళ్లలో మన దేశపు జస్జీత్ బగ్లా ఒకరు. విశ్వంలో పెద్ద ముక్క తీసుకుని నడిపేటప్పుడు దాని విలువ తెలుస్తుంది. అయిదు గెలాక్సీల ఒంటరి గుంపుకు అది అక్కర్లేదు.

కోడ్ కంటే పేర్పు ముఖ్యం

ఇక్కడ కాస్త ఆగుతాను, ఎందుకంటే అందరూ పొరపడేది ఇక్కడే. మొదటి రోజు గెలాక్సీలను ఎలా పేర్చారన్నదే గుంపు కథను నడిపిస్తుంది. గ్యాడ్జెట్ వాడారా ఇంకోటి వాడారా అన్నది దాని ముందు చిన్న విషయం. 1985లో బార్న్స్ గుంపులను నడిపి చూసినప్పుడే ఇది తేలింది. డార్క్ మ్యాటర్ ఒక్కో గెలాక్సీకి విడిగా అంటిపెట్టుకుని ఉంటే అవి తొందరగా కలిసిపోతాయి. అదే డార్క్ మ్యాటర్ గుంపంతటికీ ఉమ్మడి ఆస్తిగా పరుచుకుని ఉంటే కలవడం నెమ్మదిస్తుంది. కారణం పైన చెప్పిన చంద్రశేఖర్ లెక్కలోనే ఉంది: విడిగా అయితే ఒక్కో గెలాక్సీ బరువెక్కువ, ఉమ్మడిగా అయితే తక్కువ. పాల్ హిక్సన్ 1982లో జాబితా కట్టిన వంద ఇరుకు గుంపులు ఇంకా కలిసిపోకుండా ఎందుకు మిగిలాయన్న పాత చర్చకు ఇదొక జవాబు కూడా.

కాబట్టి ఒకే పేర్పును పది కోడ్‌లలో నడపడం కంటే, ఒకే కోడ్‌లో పది పేర్పులు నడపడం మేలు. దీనికి మంచి సాక్ష్యం మన గుంపే. ఆండ్రోమెడా మన వైపు సెకనుకు 110 కి.మీ. వేగంతో వస్తోంది, ఢీకొనడం ఖాయమని చాలాకాలం అనుకున్నాం. 2025లో సవాలా బృందం పాలపుంత, ఆండ్రోమెడా, ఎం33, పెద్ద మెగల్లాన్ మేఘం (పాలపుంత పక్కనే ఉన్న చిన్న గెలాక్సీ) నాలుగింటినీ తీసుకుని, కొలతల్లో ఉన్న అనుమానం మేరకు మొదలుపెట్టే విలువలను మార్చుతూ వేల వేల సార్లు కక్ష్యలు నడిపింది. వచ్చే వెయ్యి కోట్ల సంవత్సరాల్లో రెండూ కలిసే అవకాశం సుమారు సగానికి సగమే అని తేలింది. ఎం33 ఉంటే కలిసే అవకాశం పెరుగుతుంది, మెగల్లాన్ మేఘాన్ని కలిపితే తగ్గుతుంది. అందులో గ్యాస్ లెక్క లేదు, కోట్ల కణాలు లేవు. గురుత్వ ఘర్షణ కలుపుకున్న కక్ష్యల లెక్కే. ఒక్క అందమైన వీడియో కోసం నెల రోజులు మెషీన్‌ను కాల్చేవాళ్లు దీన్ని ఒకసారి చూడాలి.

నా సొంత గొడవ కూడా చెప్పుకోవాలి. రామంతాపూర్‌లో అద్దె గదిలో, మే నెలలో, అయిదు గెలాక్సీల గుంపును మొదటిసారి నడిపాను. ఒక్కోదానికి ఇరవై వేల కణాలు. బలాన్ని మెత్తబరిచే దూరం ఎంత చిన్నగా ఉంటే అంత గొప్ప అనుకుని బాగా తగ్గించేశాను. రెండు గెలాక్సీల నడిబొడ్డులు దగ్గరికి రాగానే టైం స్టెప్పులు, అంటే ప్రోగ్రాం ఒక్కో అడుగులో ముందుకు జరిపే కాలం, చిక్కిపోయాయి. అంతకుముందు గంటకు పది కోట్ల సంవత్సరాలు నడిచిన ప్రోగ్రాం రాత్రంతా కూర్చున్నా కోటి కూడా దాటలేదు. చచ్చిందేమో అనుకుని చూస్తే, పాపం పని చేస్తూనే ఉంది. మూడో రాత్రి కరెంటు పోయింది. రీస్టార్ట్ ఫైళ్లు ఎన్ని గంటలకోసారి రాయాలో పెట్టే లైనును నేను ముట్టుకోనేలేదు. మూడు రాత్రులూ గంగపాలు. అప్పటి నుంచి పారామీటర్ ఫైలు తెరిస్తే నేను మొదట చూసేది ఆ లైనే. రెండోది, మారకుండా ఉండాల్సిన మొత్తం శక్తి ఎంత మారుతోందో చూపించే ఫైలు. అందులో అంకె శాతం దాటి కదులుతుంటే బొమ్మ ఎంత అందంగా ఉన్నా నమ్మను.

గ్యాస్ కావాలంటే

స్టెఫాన్స్ క్వింటెట్ మీకు తెలిసే ఉంటుంది. 1877లో మార్సెయ్‌లో ఎడ్వర్డ్ స్టెఫాన్ చూసిన అయిదు గెలాక్సీలు. వాటిలో ఒకటి, ఎన్‌జీసీ 7320, అసలు ఆ గుంపుదే కాదు. అది నాలుగు కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉంటే మిగతా నాలుగూ 29 కోట్ల దూరంలో ఉన్నాయి. ఫొటోలో గుంపుగా కనిపించేదల్లా గుంపు కాదనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. మీ సిమ్యులేషన్‌ను ఫొటోతో పోల్చేటప్పుడు కూడా అన్ని వైపుల నుంచీ చూసి పోల్చాలి. ఆ మిగిలిన నాలుగింటిలో ఒకటి సెకనుకు 800 కి.మీ. పైచిలుకు వేగంతో గుంపులోకి దూసుకొచ్చి, అక్కడి గ్యాస్‌ను గుద్ది పెద్ద షాక్ తరంగం లేపింది. దీన్ని కణాలు మాత్రమే ఉన్న కోడ్‌లో చూడలేరు. కణాలు ఒకదానిలోంచి ఒకటి దాటిపోతాయి, గ్యాస్ అలా పోదు.

గ్యాస్‌ను లెక్కేయడానికి రెండు పాత దారులున్నాయి. వినాయక నిమజ్జనం రోజు జనాన్ని లెక్కపెట్టాలంటే ఏం చేస్తాం? బాలాపూర్ నుంచి లారీ ఎక్కి ట్యాంక్‌బండ్ దాకా దానితోపాటే పోతూ చుట్టూ ఎంతమంది ఉన్నారో రాసుకోవచ్చు. లేదా మోజంజాహీ మార్కెట్ దగ్గర నిలబడి, ముందు నుంచి ఎంతమంది పోయారో లెక్కపెట్టొచ్చు. మొదటిది 1977లో పుట్టిన ఎస్‌పీహెచ్. గ్యాస్‌ను ముద్దలుగా చేసి వాటి వెంట పోతుంది. రెండోది గడుల పద్ధతి. రద్దీ ఉన్నచోట గడులను ఇంకా చిన్నగా చీల్చుకుంటూ పోతుంది. రొమాన్ టెసియే 2002లో ఇచ్చిన రామ్సెస్, అందరికీ తెరిచి ఉన్న ఎంజో ఈ రకానివి.

ఎస్‌పీహెచ్ జనం ఉన్నచోట బాగా చూస్తుంది, ఖాళీల్లో గుడ్డిది. గడులు షాక్‌నూ, సుడులనూ బాగా పడతాయి, కానీ గ్యాస్ మొత్తం వేగంగా గడులను దాటి పోతుంటే దాన్ని అలికేస్తాయి. ఈ తేడా కేవలం మాటల్లో లేదు. 1999లో ఒకే క్లస్టర్‌ను పన్నెండు కోడ్‌లతో నడిపి పోల్చారు. డార్క్ మ్యాటర్ విషయంలో అందరూ దాదాపు ఒకే మాట చెప్పారు. మధ్యలో ఉన్న గ్యాస్ దగ్గర ఎస్‌పీహెచ్ ఒక మాట, గడులు ఒక మాట. 2007లో ఇంకో పరీక్షలో చల్లటి గ్యాస్ ముద్దను వేడి గాలిలో వదిలారు. గడుల కోడ్‌లో అది చీలికలు పేలికలైంది, పాత ఎస్‌పీహెచ్‌లో ముద్ద ముద్దగానే ఉండిపోయింది. వేడి గ్యాస్ ఉన్న గుంపులోకి చల్లటి గ్యాస్ ఉన్న గెలాక్సీ వస్తే సరిగ్గా ఇదే జరగాలి. అందుకే గ్యాడ్జెట్-2 లాంటి పాత కోడ్‌తో "గుంపులో గెలాక్సీ తన గ్యాస్‌ను ఇంతకాలం నిలుపుకుంది" అని రాస్తే పరీక్షకు వచ్చిన ప్రొఫెసర్ నవ్వుతారు. తర్వాతి ఎస్‌పీహెచ్‌లు ఈ లోపాన్ని చాలావరకు సరిచేసుకున్నాయి.

2010లో స్ప్రింగెలే తెచ్చిన అరెపోలో గడులు కూడా గ్యాస్‌తోపాటే కదులుతాయి. లారీ మీద కూర్చునే మార్కెట్ దగ్గర లెక్క కూడా చూసినట్టు. గుంపుల గ్యాస్‌కు ఇవాళ నేను ఎక్కువగా నమ్మేది దీన్నే. కానీ తమ్ముళ్లూ, అరెపో దింపుకుంటే టీఎన్‌జీ (అరెపోతో నడిపిన పెద్ద విశ్వ సిమ్యులేషన్, దాని గురించి కింద చెబుతాను) కూడా వచ్చేస్తుందనుకోకండి. బయటికిచ్చిన కోడ్‌లో టీఎన్‌జీ వాడిన నక్షత్రాల, బ్లాక్ హోల్స్ భౌతిక నమూనాలు లేవు. గ్యాస్ ఎలా పారుతుందో అది చెబుతుంది. గ్యాస్ నక్షత్రమవడానికి ఒక సాదా సూత్రం కూడా అందులో ఉంది. బ్లాక్ హోల్ ఎప్పుడు ఊదుతుంది లాంటివి మాత్రం మీరే రాసుకోవాలి.

ఆ రాసుకోవడం దగ్గరే పెద్ద పెద్దవాళ్లు తప్పు చేశారు. 2014 నాటి ఇలస్ట్రిస్ అనే పెద్ద విశ్వ సిమ్యులేషన్‌లో బ్లాక్ హోల్ ఊదుడు మరీ మొరటుగా ఉండటంతో గుంపుల్లోని గ్యాస్ చాలామటుకు బయటికి పోయింది. నిజం గుంపుల్లో ఎక్స్‌రే టెలిస్కోపులు చూసేదానికంటే బాగా తక్కువ మిగిలింది. అంత కష్టపడిన సిమ్యులేషన్, గెలాక్సీల రూపాల్లో అంత బాగా కుదిరింది, గుంపుల గ్యాస్ దగ్గర బోల్తా కొట్టింది. తర్వాత వచ్చిన ఇలస్ట్రిస్ టీఎన్‌జీలో ఆ ఊదుడును మార్చి రాశారు. ఈ కథ తెలిశాక, నాలుగు నెలల ప్రాజెక్టులో మీ సొంత బ్లాక్ హోల్ నమూనా రాద్దామని నేనైతే చెప్పను.

రెడీమేడ్ విశ్వం

అందుకే గ్యాస్ కావాలనేవాళ్లకు నా సలహా ఒకటే: నడపకండి, నడిపినదాన్ని తవ్వండి. టీఎన్‌జీ డేటా అందరికీ ఉచితం. మూడు పెట్టెలున్నాయి, అంటే విశ్వంలోంచి మూడు సైజుల్లో తీసుకున్న ముక్కలు. టీఎన్‌జీ300 అన్నిటికంటే పెద్దది, ఒక వైపు దాదాపు వంద కోట్ల కాంతి సంవత్సరాలు, కానీ ఒక్కో గ్యాస్ ముద్ద కోటి పైచిలుకు సూర్యుళ్లంత. టీఎన్‌జీ100లో ముద్ద 14 లక్షల సూర్యుళ్లు. టీఎన్‌జీ50లో 85 వేలు, కానీ ఆ పెట్టె చిన్నది, పెద్ద గుంపులు తక్కువే దొరుకుతాయి. ఒక్క గుంపు లోపలి వివరం కావాలంటే 50, వందల గుంపుల లెక్క కావాలంటే 300. ఎటూ తేల్చుకోలేకపోతే 100తో మొదలుపెట్టండి, ఎక్కువ మందికి అదే సరిపోతుంది. హాస్టల్ వైఫైలో టీఎన్‌జీ100 స్నాప్‌షాట్ (ఒక్క క్షణంలో పెట్టె అంతటి డేటా) మొత్తం దింపుదామని మాత్రం కూర్చోకండి, ఒక్కొక్కటి టెరాబైట్ దాటుతుంది. కావలసిన గుంపును మాత్రమే కోసి ఇచ్చే ఏర్పాటు ఉంది. వాళ్ల సర్వర్ మీదే పైథాన్ నోట్‌బుక్ నడుపుకునే ఏర్పాటూ ఉంది.

ఇందులో ఒక గొయ్యి చెబుతాను. పోయిన ఏడాది ఒక చెల్లెలు పట్టిక చూపించింది. పది లక్షల కోట్ల సూర్యుళ్లు దాటిన గుంపులు ఎన్ని అన్నది. పేపర్లలో ఉన్నదానికంటే బాగా తక్కువ వచ్చాయి. రెండు రోజులు కోడ్ అంతా వెతికింది. చివరికి దొరికింది ఒక్క లైనులో. టీఎన్‌జీలో బరువులు వెయ్యి కోట్ల సూర్యుళ్లను హెచ్‌తో భాగించిన యూనిట్లలో ఉంటాయి, ఆ హెచ్ (విశ్వం ఎంత వేగంగా విస్తరిస్తోందో చెప్పే అంకె) విలువ 0.6774. ఆమె గీతను 1000 దగ్గర గీసింది. గీయాల్సింది 677 దగ్గర. ఆ రెంటి మధ్యా ఉన్న గుంపులన్నీ పట్టికలోంచి జారిపోయాయి. "నేను ఇంకా ఫిజిక్సే తప్పేమో అనుకున్న అన్నా" అంది, నవ్వాలా ఏడవాలా తెలియనట్టు.

ఇంకో జాగ్రత్త. ఇలాంటి డేటాలో గుంపు అంటే, దగ్గర దగ్గరగా ఉన్న కణాలను గొలుసుగా కలుపుకుంటూ పోతే వచ్చే ముద్ద. రెండు గుంపుల మధ్య సన్నటి వంతెన ఉన్నా రెండూ ఒక్కటిగా లెక్కకొస్తాయి. మీ గుంపులో "నడి గెలాక్సీలు" రెండు కనిపిస్తే ముందు బొమ్మ గీసి చూడండి, కొత్త విషయం కనిపెట్టామని అప్పుడే స్వీట్లు పంచకండి.

గ్యాస్‌ను సూత్రాలతో సరిపెట్టే పద్ధతి

డార్క్ మ్యాటర్‌ను మాత్రమే కణాలతో నడిపి, గెలాక్సీలను తర్వాత సూత్రాలతో అద్దే సెమీ ఎనలిటిక్ పద్ధతి ఇంకొకటుంది. 2005 నాటి మిలీనియం సిమ్యులేషన్‌లో వెయ్యి కోట్ల పైచిలుకు కణాలు, 200 కోట్ల కాంతి సంవత్సరాల పైచిలుకు పెట్టె. దాని మీద అద్దిన గెలాక్సీల పట్టికలు డేటాబేస్‌గా దొరుకుతాయి, అడగాల్సింది ఎస్‌క్యూఎల్‌లో. అమీర్‌పేట కోచింగ్‌లో నేర్చుకున్న ఎస్‌క్యూఎల్ గెలాక్సీలకు పనికొస్తుందంటే మా ఆఫీసులో ఎవరూ నమ్మరు. ఆ కోచింగ్ బోర్డుల అడవికి కూతవేటు దూరంలోనే, బేగంపేటలో, నిజామియా అబ్జర్వేటరీ వాళ్లు ఒకప్పుడు నక్షత్రాలను ఫొటో ప్లేట్ల మీద ఒక్కొక్కటే కొలిచారు.

వేల గుంపుల లెక్కలకు ఇదే చవకైన దారి. గుంపుల్లో మాత్రం ఒక లోపం ఉంది. చిన్న గెలాక్సీ గుంపు మధ్యకు వచ్చేసరికి దాని డార్క్ మ్యాటర్ ముద్ద నలిగి, కంప్యూటర్‌కు కనపడకుండా పోతుంది. గెలాక్సీ మాత్రం ఉన్నట్టే లెక్క. వీటిని అనాథలంటారు. అది ఎప్పుడు కలిసిపోవాలన్నది మళ్లీ ఆ పాత చంద్రశేఖర్ సూత్రమే చెప్పాలి. అంటే ఇరుకు గుంపుల నడిమధ్య గురించి ఈ పట్టికల్లో మీరు చూసేదాంట్లో కొంత భాగం కాగితం లెక్కే.

మరి ఎవరికి ఏది

నాలుగు నెలలు, ఒక ల్యాప్‌టాప్, ప్రశ్న కలయికల గురించి: ట్రీ కోడ్, అయిదారు గెలాక్సీలు, మొత్తం లక్ష నుంచి పది లక్షల కణాలు, ఎన్ని పేర్పులు వీలైతే అన్ని. ప్రశ్న గ్యాస్ గురించైతే టీఎన్‌జీ, సొంత కోడ్ జోలికి పోవద్దు. లెక్కింపు అయితే సెమీ ఎనలిటిక్ పట్టికలు, లేదా టీఎన్‌జీ300. పెద్ద పెట్టెలోంచి ఒక గుంపును ఎంచుకుని దాన్ని మాత్రమే సన్నటి కణాలతో మళ్లీ నడిపే జూమ్ పద్ధతి అన్నిటికంటే నచ్చుతుంది నాకు. కానీ అది పీహెచ్‌డీ వాళ్ల పని. దానికి ప్రారంభ స్థితులు తయారు చేయడానికే నెల పడుతుంది, నడపడానికి పెద్ద మెషీన్ కావాలి. కందిలో ఐఐటీ హైదరాబాద్‌లో పరమ్ సేవ లాంటి మెషీన్ మీద మీ గైడ్ టైం ఇప్పించగలిగితే ఆలోచించండి, లేకపోతే వచ్చే అయిదేళ్లకు దాచుకోండి.

తార్నాక తమ్ముడు చివరికి ట్రీ కోడ్ తీసుకున్నాడు. డార్క్ మ్యాటర్ విడిగా ఒకసారి, ఉమ్మడిగా ఒకసారి, మిగతా అంతా ఒకటే. మొన్న రాత్రి పన్నెండున్నరకు స్క్రీన్‌షాట్ పంపాడు, రెండు మచ్చలు, వాటి మధ్య సన్నటి తీగ.

"అన్నా, రెండోది మూడోదాన్ని మింగింది!"

"ఎనర్జీ ఫైలు చూసినవా?" అని పెట్టాను.

టైపింగ్ అని కనిపించింది, ఆగింది, మళ్లీ కనిపించింది. "పొద్దుగాల చూస్త అన్నా" అన్నాడు.